మెత్తబడ్డ స్విచ్చు

చిక్కడపల్లిలో మా పై వాటాలో అద్దెకుండిన అక్కకు పాత వీడియో గేముల డబ్బాలు విప్పడం పిచ్చి. కోఠిలో తుక్కు కింద కొని తెచ్చి, స్విచ్చులు ఊడదీసి, ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని నొక్కేది. టిక్కుమంటేనే దాచేది.

పక్షవాతంతో నాన్నకు మాట పడిపోయినప్పుడు, అలాంటి స్విచ్చొకటి ఆయన దిండు పక్కన అమర్చింది. నొక్కితే వంటింట్లో గంట మోగుతుంది. నాన్నకు పాతదా అని నాకు ఒళ్లు మండింది.

"కొత్తది పెట్టొచ్చు కదక్కా?"

"కొత్తవి గట్టిగుంటయి తమ్మీ. ఇది పిల్లలు ఆడి ఆడి మెత్తబడ్డది. బాపు వేలికి ఇదే లొంగుతది."

లొంగింది. ఏడు నెలలు ఆ గంటే నాన్న గొంతు.

పెద్దకర్మ అయ్యాక, ఇంకెవరికైనా పనికొస్తుందని, దాన్ని విప్పుకుపొమ్మని అక్కను పిలిచాను. ఆమె ఖాళీ మంచం మీదికి వంగి, అలవాటు కొద్దీ స్విచ్చును చెవికి ఆనించుకుని నొక్కింది.

వంటింట్లో గంట మోగింది.

"వస్తున్న, జర ఆగుండ్రి," అంది అమ్మ లోపలినుంచి.

ఏ స్విచ్చునూ వదలని ఆ మనిషి, దాన్ని మళ్లీ దిండు పక్కనే పెట్టి, చప్పుడు కాకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.