తడవని కాగితం

నా చిన్నప్పుడు మా తండాలో తెలుగు గలగలా మాట్లాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇంట్లో మా భాష, బడిలో తెలుగు. మహబూబాబాద్ దగ్గరి ఊరి బడికి రెండు మైళ్లు నడిచి వెళ్లేదాన్ని. అప్పుడు ఐదో తరగతి.

ఒకరోజు మా సైన్సు సారు పాఠం అప్పజెప్పమన్నారు. "గాలి స్థలమును ఆక్రమించును." అంతే వాక్యం. ఆ చివరి మాటకు నాకు నోరు తిరగలేదు. మూడుసార్లు తడబడ్డాను. పిల్లలంతా నవ్వారు. సారు కూడా నవ్వి, నేను పలికినట్టే వంకరగా పలికి చూపించారు. బెత్తం దెబ్బయితే సాయంత్రానికి మరిచిపోయేదాన్నేమో. మర్నాడు బడికి పోనని ఏడ్చాను. మా బాపు నన్ను మిరప ఏరడానికి తనతోపాటు చేనుకు తీసుకుపోయాడు.

కొద్దిరోజులకే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మా వైపు ఊపందుకుంది. అరవై తొమ్మిదో సంవత్సరం అది. బళ్లు మూతపడ్డాయి. సారుది జనగామ. అయినా ఆయన సొంతూరికి వెళ్లిపోకుండా, పిల్లలు చదువు మరిచిపోతారని ఊరూరా తిరిగేవారు. ఒక సాయంత్రం మా తండాకూ వచ్చారు. నేను గుడిసె వెనక దాక్కున్నాను.

ఆయన మా అమ్మను గంగాళం నిండా నీళ్లు, ఒక ఇత్తడి గ్లాసు అడిగారు. గ్లాసు అడుగున కాగితం ఉండ కుక్కి, బోర్లించి, నిటారుగా నీళ్లలో ముంచారు. కాగితం తడుస్తుందని పిల్లలంతా అరిచారు. తీసి చూస్తే పొడిగా ఉంది!

"నేనేం చెప్ప. మీరే చేసి చూడుండ్రి" అని గ్లాసు పిల్లలకిచ్చి ఆయన పక్కకు జరిగి కూర్చున్నారు.

ఉండబట్టలేక నేనూ వచ్చాను. నా వంతు రాగానే గ్లాసును నీళ్లలోనే కొంచెం పక్కకు వంచాను. బుడబుడమని బుడగలు నా వేళ్లను రాసుకుంటూ పైకి పోయాయి, గ్లాసులోకి నీళ్లు దూరాయి. మా భాషలోనే గట్టిగా ఏదో అరిచాను.

సారుకు అర్థం కాక మా బాపు వైపు చూశారు. బాపు తనకొచ్చిన తెలుగులో, "లోపట గాలి కూసున్నదంట సారూ. అది లేస్తెనే నీళ్లకు జాగ అంట" అన్నాడు.

సారు నన్ను దగ్గరికి పిలిచారు.

"పుస్తకంల ఉన్నది గిదే బిడ్డా. మన తెలంగాణ మాటను ఎక్కిరిస్తున్నరని సడకుల మీద కొట్లాడుతున్నం. నీ మాటను నేనే ఎక్కిరిస్తి. తప్పయింది. బడి తెరిస్తె రా."

అంత పెద్దమనిషి అందరి ముందూ ఆ మాట అనడం చూసి మా బాపు కళ్లు తుడుచుకున్నాడు. బడి తెరిచిన రోజు బాపే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి దిగబెట్టి వచ్చాడు.

నేనూ సైన్సు టీచరునయ్యాను. మొగుళ్లపల్లి వైపు పల్లెల్లో పని చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ కొత్త టీచర్లు వచ్చి, "ల్యాబు లేదు మేడం, ప్రయోగాలు ఎట్ల చేయిస్తం?" అని అడుగుతారు. సామాన్లు పిల్లల ఇళ్లలోనే దొరుకుతాయి, అదేమంత కష్టం కాదంటాను. కష్టమైంది వేరే ఉంది. జవాబు మనకు తెలిసినా నోరు మూసుకుని కూర్చోవాలి. పిల్ల తనంతట తాను కనుక్కుని ఏ మాటలో చెప్పినా, చెవి ఒగ్గి వినాలి.