‘గుణం కనిపించలేదు’ అని రాయి

బేగంపేటలో మెట్రో దిగి ఆఫీసు వైపు నడుస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, పక్కింటి ఆంటీ పోయింది. జల్ది రా" అంది. వచ్చిన దారినే వెనక్కి తిరిగాను. సికింద్రాబాదు కార్ఖానా ఏరియాలో మా అపార్టుమెంటుకు చేరేలోపే వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టేశారు: "తీవ్రమైన జబ్బును చిరునవ్వుతో భరించి, ప్రశాంతంగా కన్నుమూశారు."

రెండు ముక్కలూ అబద్ధమే. ఆంటీ ఆ జబ్బును చిరునవ్వుతో భరించలేదు, తిట్టుకుంటూ భరించారు. ప్రశాంతంగానూ పోలేదు. ముందురోజు సాయంత్రం నేను ఆసుపత్రిలో ఉండగా, ఆయాసపడుతూనే నర్సుతో వాదం పెట్టుకున్నారు. "నొప్పి ఎంత ఉందని అడిగావు. చెప్పాను. మరి రాసుకోవేం? రాసుకోనిదానికి అడగడం దేనికమ్మా?" అన్నారు. ఆ పిల్ల గతుక్కుమని పెన్ను తీసింది.

ఆ సందేశం పెట్టినవారి మీద నాకు కోపం లేదు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మన మర్యాద. కానీ మంచిమాట కోసం నిజాన్ని కాస్త పక్కకు జరపకూడదని నాకు నేర్పింది ఈవిడే. ఇప్పుడు ఈవిడ గురించే జరపమంటే నా వల్ల కాదు.

ఆంటీది గోదావరి వైపు. అంకుల్ ఇంజనీరు. పెళ్ళయిన కొత్తలో ఆయన కంపెనీ ఆయన్ని జపాన్ పంపితే వెంట వెళ్ళారు. ఆయన ఫ్యాక్టరీకి వెళితే ఇంట్లో ఒక్కత్తీ గోడలు చూస్తూ కూర్చోలేక, ఆ వీధిలో ఒక పెద్దావిడ దగ్గర భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. సికింద్రాబాదుకు తిరిగి వచ్చాక ఆ భాషే బతుకుదెరువైంది. జపాన్ ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసే పరిశోధన పత్రాలను ఇంగ్లీషులోకి మార్చడం ఆవిడ పని. ఒకరోజు కంటి శుక్లం, మరునాడు తుంటి ఎముక, ఆ తర్వాత పసిపిల్లల జ్వరం. భోజనాల బల్ల మీద ఒక పక్క కూర గిన్నె, ఇంకో పక్క ఎవరిదో గుండె బొమ్మ.

నేను డిగ్రీ చదువుతూ ఆ బల్ల దగ్గరే జపనీస్ నేర్చుకున్నాను. ఆవిడ పాఠం చెప్పే పద్ధతి వేరు. ఒక వాక్యం ఇచ్చి, "ఇంగ్లీషు తర్వాత. ముందు తెలుగులో చెప్పు. మీ అమ్మకి అర్థమైతే నీకు అర్థమైనట్టు" అనేవారు. అమ్మ చిక్కుడుకాయలు తుంచుకోవడానికి వాళ్ళింటికే వచ్చి కూర్చునేది. నేను ఎంతో కష్టపడి, "మందు వాడిన సమూహానికీ వాడని సమూహానికీ మధ్య గణనీయమైన వ్యత్యాసం గమనించబడలేదు" అన్నాను ఒకసారి.

అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి నా వైపు చూసింది. "ఏందే, గిట్ల తిప్పి తిప్పి చెప్తున్నవ్? మందు పన్జెయ్యలేదంటవా?"

ఆంటీ బల్ల చరిచి నవ్వారు. "అదీ! గుణం కనిపించలేదు. అంతే కదా. గుణం కనిపించలేదు అని రాయి."

ఆ పత్రాలంటే ఆవిడకు గుడ్డి భక్తి ఉండేది కాదు. "కొన్ని ఒక్క ఆసుపత్రిలో, కొద్దిమంది మీద చేసినవి. ఆ సంగతి వాళ్ళే చివర్లో ఒప్పుకుంటారు. ఆ చివరి పేరా చదవనివాడు సగమే చదివినట్టు" అనేవారు. ఒకే ఒక్క రోగి గురించి రాసిన పత్రాలంటే మాత్రం ఇష్టం. మొదట మేం జబ్బును పోల్చుకోలేకపోయాం అని డాక్టర్లే రాసుకున్న చోట వేలు పెట్టి చూపించేవారు. "చూడు, అంత పెద్ద ఆసుపత్రి! పొరబడ్డాం అని అచ్చేసుకున్నారు. ఎంత గుండె కావాలి దానికి!"

ఆ గుండె ఆవిడకూ ఉందని నేను బేగంపేటలో చూశాను. ఆవిడకు పని ఇచ్చే సంస్థ ఆఫీసు అప్పట్లో అక్కడ ఉండేది. ఒక మందుల కంపెనీ కోసం ఏదో కీళ్ళ నొప్పుల మందు గురించిన పత్రం మార్చి ఇచ్చారు. దాన్లో గుణం కనిపించలేదనే ఉంది. అక్కడి మేనేజరు పిలిపిస్తే ఆంటీకి తోడుగా నేనూ వెళ్ళాను. మాకు కాఫీ ఇప్పించాడు.

"మేడమ్, ఈ ఒక్క లైన్ జర సాఫ్ట్ చేద్దాం. కొంత మెరుగుదల ఉండే అవకాశం ఉంది అని పెడితే క్లయింట్ ఫీల్ కాడు."

"అలా వాళ్ళు రాయలేదు కదండీ."

"చిన్న మార్పే మేడమ్. దాని మీద మీ పేరు కూడా ఉండదు. ఎవరికీ కనిపించదు."

"నాకు కనిపిస్తుంది" అన్నారు ఆంటీ. కప్పు బల్ల మీద పెట్టి లేచారు. "ఆ మందు మింగేది మీ క్లయింటు కాదు బాబూ. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే ముసలమ్మ. ఆవిడ ఫీలవుతుంది."

ఆ సంస్థ నుంచి పని ఆగిపోయింది. అంకుల్ అప్పటికి రిటైరయ్యారు. ఇల్లు గడవడానికి ఆంటీ పొద్దున ఒక బ్యాచీ, సాయంత్రం ఒక బ్యాచీ జపనీస్ పాఠాలు చెప్పారు. బాధపడుతున్నారేమో అని అమ్మ ఓదార్చబోయింది. "ఎందుకక్కా పరేషాన్ అయితవు? ఇంకో ఆఫీసు దొర్కదా?" అంది. "పరేషానేం లేదు. ఒళ్ళు మండుతోందంతే" అన్నారు ఆంటీ. ఆ మంట చాన్నాళ్ళుంది. తర్వాత ఆవిడ అనువాదాలు చదివిన కొందరు డాక్టర్లే వెతుక్కుంటూ వచ్చి నేరుగా పని ఇచ్చారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అంకుల్‌కు పక్షవాతం వచ్చింది. ప్రాణాపాయం తప్పింది కానీ మింగడం పోయింది. ముక్కులోంచి ట్యూబు వేసి పాలు పోస్తున్నారు. ఒక ఉదయం డాక్టరు రౌండ్లకు వచ్చి, "ఇక పొట్టలోకి పర్మనెంట్ ట్యూబ్ పెట్టేద్దామమ్మా. నోటితో ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. ఈ వయసులో మళ్ళీ తినడం కష్టం" అన్నారు.

"కష్టమా, కుదరదా?" అడిగారు ఆంటీ.

"అంటే?"

"రెండూ ఒకటి కాదు కదండీ. కుదరదంటే ఇప్పుడే సంతకం పెడతాను. కష్టమంటే పెట్టను."

డాక్టరు చెడ్డవాడు కాదు. నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. పక్క మంచం వైపు వెళ్ళిపోయాడు.

మరునాడు ఆంటీ తన దగ్గరున్న పత్రాలు కొన్ని తీసుకుని వచ్చారు. జపాన్‌లో ముసలివాళ్ళు ఎక్కువ. అందుకని మింగుడు మళ్ళీ నేర్పడం మీద అక్కడి ఆసుపత్రులు చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాయి. నోరు శుభ్రంగా ఉంచడం, కూర్చోబెట్టే తీరు, గడ్డం వంచి మింగించడం, నీళ్ళకు బదులు జెల్లీతో మొదలుపెట్టడం. ఇవన్నీ ఆవిడ ఎన్నోసార్లు ఇంగ్లీషులోకి మార్చిన సంగతులే.

డాక్టరు పైపైన తిరగేశాడు. "ఇవి అక్కడి పేషెంట్లమ్మా. మింగుడు నేర్పడానికే అక్కడ వేరే స్టాఫ్ ఉంటారు. మన వార్డులో నర్సులకు ఊపిరి సలపదు."

"మీరన్నది నిజమే. అందుకే ఇది కూడా తెచ్చాను" అని ఇంకో పత్రం ఇచ్చారు ఆంటీ. "కొందరికి ఎంత చేసినా కుదరలేదని ఇందులో ఉంది. ముందు ఇదే చదవండి."

ఆయన తలెత్తి చూశాడు. "మీ మాటకు ఎదురున్నది కూడా మీరే తెచ్చారా?"

"ఈయన గొంతుకు నా మాటా మీ మాటా తెలీదు కదండీ. పరీక్ష చేయించండి. కుదరదని తేలితే ట్యూబుకి నేనే ఒప్పుకుంటాను. పరీక్ష చేయకుండా మాత్రం ఒప్పుకోను."

ఆంటీ మరిది నెమ్మదిగా ఆవిడను పక్కకు పిలిచాడు. "వదినా, డాక్టరు చెప్పాక మనం అడ్డం పడకూడదు. రేపు ఏదైనా అయితే అందరూ నిన్నే అంటారు."

"అననీ. నన్ను అంటే నాకేమీ అవదు. ఈయన జన్మలో మళ్ళీ ఏమీ రుచి చూడకపోతే ఈయనకవుతుంది."

మింగుడు పరీక్ష జరిగింది. ఫలితం ఎటూ కాకుండా వచ్చింది. నీళ్ళు దారి తప్పుతున్నాయి. చిక్కటిది మాత్రం, గడ్డం వంచితే, దిగుతోంది. డాక్టరే వచ్చి చెప్పాడు. చెప్పి, "నోటితో చిక్కటిది కొంచెం కొంచెంగా మొదలుపెడదాం. ముక్కు ట్యూబు ఉండనిద్దాం. ఒప్పుకుంటారా?" అని అడిగాడు. ఆంటీ చేతులు జోడించారు.

ఇంట్లో బత్తాయి రసంతో జెల్లీ చేశారు. అమ్మ డబ్బా మూత తీసి, "గిదేందక్కా, రసం గిట్ల గడ్డకట్టింది?" అని హడలిపోయింది. అమ్మా, నేనూ, ఆంటీ వంతులవారీగా వార్డులో ఉన్నాం. ముందు నోరు తుడవడం, నాలుక తుడవడం, వెన్ను నిలబెట్టి కూర్చోబెట్టడం, ఆ తర్వాతే చెంచా. మొదటి చెంచాకు అంకుల్ దగ్గి దగ్గి నీలంగా అయిపోయారు. తర్వాత జ్వరం వచ్చి అంతా ఆపేయాల్సి వచ్చింది. మరిది ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడకు ఎక్కువ బరువైంది. జ్వరం తగ్గగానే డాక్టరు దగ్గరకు వెళ్ళి, "మళ్ళీ మొదలుపెట్టొచ్చా?" అని అడిగారు.

జెల్లీ తర్వాత మెత్తగా పిసికి వడకట్టిన పెరుగన్నం. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. అంకుల్ గడ్డం వంచారు. గొంతు పైకి లేచి కిందికి దిగింది. దగ్గు రాలేదు. మేమంతా ఆయన మెడ వైపే చూస్తున్నాం. పక్షవాతం వచ్చాక ఆయన నోట ఒక్క మాట స్పష్టంగా రాలేదు. అలాంటిది, వంకర తిరిగిన పెదవితో, "ఉప్పేదీ?" అన్నారు.

"మాట్లాడకుండా మింగండి!" అని కసిరారు ఆంటీ. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. అవి తుడుచుకోకుండానే ఇంకో చెంచా నింపారు.

ఇక్కడితో ఆపేస్తే బాగుంటుందని నాకూ తెలుసు. కానీ అంకుల్ పూర్తిగా కోలుకోలేదు. ముక్కు ట్యూబు తీసేశారు. నీళ్ళూ, కాఫీ చివరి దాకా చిక్కగా చేసే ఇచ్చారు. ఆ చిక్కటి కాఫీని ఆయన రోజూ అసహ్యించుకునేవారు. ఇంకో ఎండాకాలం, ఇంకో వానాకాలం చూశారు. చలికాలంలో న్యుమోనియాతోనే పోయారు. చూడడానికి వచ్చినవాళ్ళలో ఒకరు, "అంత మొండిపట్టు పట్టి ఏం లాభం, చివరికి అదే అయింది కదా" అన్నారు, ఆవిడకు వినబడేలా.

ఆంటీ గోడకు జారగిలబడి కూర్చున్నారు. లేవలేదు, గొంతు పెంచలేదు. "పోయే వారం ముందు దాకా నోటితో తిన్నారు. న్యుమోనియా కూడా వచ్చింది. రెండూ జరిగాయి. మీరు ఒకటే చెబుతున్నారు" అన్నారు. వచ్చినావిడ చెప్పులు వెతుక్కుంది.

పోయిన ఏడాది ఆవిడకే కాలేయంలో గడ్డ అని తేలింది. తనకొచ్చిన జబ్బు గురించి తాను చదువుకోకుండా నా చేత చదివించుకున్నారు. అదే భోజనాల బల్ల. ఒక వాక్యం దగ్గరికి వచ్చి, చదివిందే మళ్ళీ చదివాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తెలుగులో చెప్పు."

"ఈ దశలో ఈ మందు వాడితే... గుణం కనిపించలేదు ఆంటీ."

"స్పష్టంగా చెప్పావు" అని నా చెయ్యి నొక్కారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "బతకాలని ఉందే అమ్మాయ్. చాలా ఉంది. అందులో సిగ్గేముంది?"

డాక్టరు చెప్పిన వేరే మందు వాడారు. అది గడ్డను కొన్నాళ్ళు నిలబెట్టింది, జుట్టునూ నాలుక రుచినీ తీసుకుపోయింది. లిఫ్టులో ఎవరైనా "పాపం" అంటే, "పాపం మీది, అయిదో అంతస్తులో ఉంటున్నారు, ఈ లిఫ్టు రోజూ ఆగిపోతుంది" అనేవారు. పని ఆపలేదు. ఆఖరుగా చేసింది పుట్టిన పిల్లల వినికిడి గురించిన పత్రం. చివరి పేరాతో సహా పూర్తి చేసి పంపారు.

ఈ ఎండాకాలం, నడవగలిగిన ఆఖరి రోజుల్లో, ఆవకాయ పెట్టాలని, మోండా మార్కెట్‌కు తీసుకెళ్ళమన్నారు. అమ్మ వద్దంది, నేను వద్దన్నాను. వినలేదు. తలకు చున్నీ చుట్టుకుని, నా భుజం పట్టుకుని, మామిడికాయల గుట్టల మధ్య నిలబడ్డారు. చుట్టూ కాయలు కొట్టే కత్తుల చప్పుడు, ఎండలో జీడి వాసన. అమ్మేవాడు ఒక ముక్క కోసి ఇచ్చాడు. నమిలి, పెదవి విరిచారు. "పులుపు లేదు."

"అమ్మా, గింత పుల్లటి కాయ మోండాల ఇంకేడ దొర్కదు. కసం!" అన్నాడతను.

ఆంటీ మిగిలిన సగం ముక్క నాకిచ్చారు. "నా నాలుక మాట నమ్మకు. నువ్వు కొరుకు."

కొరికాను. పళ్ళు జివ్వుమని, కళ్ళు వాటంతట అవే మూసుకుపోయాయి. తెరిచి చూస్తే ఆవిడ నా మొహంలోకే చూస్తున్నారు. ఎండకు కళ్ళు చికిలించి, చెమట పట్టిన నుదుటితో, నేను ఏం చెబుతానా అని చిన్నపిల్లలా ఎదురుచూస్తున్నారు.

"పులుపుంది ఆంటీ" అన్నాను. "చాలా ఉంది."

"అయితే సంచి నిండా వెయ్యవయ్యా" అన్నారు అతనితో. "ఏడాది పొడుగునా రావాలి."