ట్రక్కు అడుగున రెడ్ ఆక్సైడ్

ఫాల్గుణ మాసం, ఆదివారం, పొద్దున ఏడున్నర. మా మరిది అటక మీద నుంచి రెడ్ ఆక్సైడ్ డబ్బా దించి వాకిట్లో పెట్టాడు. ఇనుము తుప్పు పట్టకుండా ముందుగా పూసే రంగు అది. నిరుడు గేటుకు పూయగా మిగిలింది. మూత పెకలిస్తే పైన తోలులాంటి పొర, కింద ముదురు పాకంలా బిగిసిన ముద్ద.

మర్నాడు మిరపకాయల టిక్కీలు, అంటే కాయ తొక్కి కుట్టిన గోనె బస్తాలు, మా ట్రాక్టరు ట్రక్కులో గుంటూరు యార్డుకు వెళ్లాలి. ట్రక్కు అడుగంతా తుప్పు. రంగు వేస్తే మంచిదే. కానీ ఆరని రంగు గోనెకు అంటి, గోనెలోంచి కాయకు దిగితే? కొనేవాడు ఆ మరక చూసి, కాయకు రంగు కలిపామనే అంటాడు. ఏడాది పంట మీద ఆ మాట పడితే ఏం పెట్టి కడుక్కుంటాం?

మరిది సంచీలోంచి ఒక సీసా తీశాడు.

"ఇది పోస్తే కరుగుద్ది వదినా. మార్టూరు గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేసే నా స్నేహితుడిచ్చాడు. అసలైన థిన్నర్."

మూత తీస్తే ముక్కు మండింది. సీసా మీద ఒక్క అక్షరం లేదు. నలభై దాటాక చదువు నేర్చుకున్నదాన్ని, రాత లేని సీసాను అసలు నమ్మను.

"అబ్బాయ్, దీనికి టర్పెంటైన్ పొయ్యాలన్నాడు రంగుల కొట్టాయన. ఇది ఆ వాసన కాదు."

"నీకు మంచినీళ్ల మీద కూడా అనుమానమే."

"నువ్వు తెచ్చిన నీళ్లయితే అనుమానమే."

అతని భార్య, నా తోడికోడలు, పక్కున నవ్వింది.

పై పొర కోసి పారేశాను. ముద్దను రెండు డబ్బాల్లోకి తీసి, ఒకదాంట్లో సీసాలోది, ఇంకోదాంట్లో నేను కొనితెచ్చిన టర్పెంటైన్ కొద్దికొద్దిగా పోసి కలిపించాను. పాత నైలాన్ చీర ముక్కలో వడకట్టి, విరిగిన గుంటక ఇనుము మీద చెరో పక్క పూయించాను.

"సాయంత్రం దాకా ట్రక్కు ముట్టుకోబాక," అని చెప్పి కల్లానికి వెళ్లాను.

వచ్చేటప్పుడు గుప్పెడు పత్తి తెచ్చాను. మా ఇంట్లో రంగు ఆరిందో లేదో చూసేది దానితోనే. నొక్కి తీస్తే టర్పెంటైన్ పక్క దాదాపు శుభ్రంగా వచ్చింది. సీసా పక్క మేక గడ్డంలా నూగు అతుక్కుపోయింది.

మరిది ఇనుము వైపు చూడట్లేదు. ట్రక్కు వైపు చూస్తున్నాడు. ఎక్కి చూస్తే అడుగున ఒక మూల ఎర్రగా మెరుస్తోంది.

"ఎప్పుడు పూశావ్?"

"నువ్వట్టా పోగానే. ఆరిపోయింది వదినా, చెయ్యి పెట్టి చూశా."

"ఏదీ, ఆ చెయ్యి చూపించు."

వెనక్కి పెట్టుకున్నాడు. తోడికోడలు లాగి చూపించింది. అరచెయ్యంతా ఎరుపే.

"పెళ్లికొడుకు గోరింటాకు పెట్టుకున్నాడక్కా!" అంది.

టర్పెంటైన్ గుడ్డలతో ఆ మూలంతా తుడిపించాను. మంచిదనుకున్న రెండో డబ్బాను కూడా ట్రక్కు లోపలికి రానివ్వలేదు. మర్నాడు ఆ మూలకు పత్తి అంటలేదని నేను తేల్చేదాకా టిక్కీలు కల్లం దాటలేదు.

ఆ రోజు అక్కడున్నది నేను, మా మరిది, మా తోడికోడలు. సీసాలో ఏముందో చెప్పాల్సిన ఆ స్నేహితుడు మాత్రం లేడు.