పెద్దమ్మ పాటకు రెండు ర్యామ్ స్టిక్కులు

పోయిన వారం మా పెద్దమ్మ చనిపోయింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్లీ లేవలేదు. ఎల్‌బీ నగర్‌లో ఆఫీసులో ఉండగా ఆమె కొడుకు ఫోన్ చేసి, "చెల్లె, అమ్మ ప్రభువు దగ్గరికి పోయింది" అన్నాడు. దుఃఖం వచ్చింది, నిజమే. కానీ ఆమెను తలుచుకుంటే ఏడుపు కన్నా ముందు నవ్వే వస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెద్దమ్మ సిటీ బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరైంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఇంటి నిండా చుట్టాలొచ్చినా, పెళ్లిలో ఫొటోకు నిలబడినా, "జర లోపలికి జరుగుండ్రి, అందరికి జాగైతది" అనేది. బస్సులో అరిచి అరిచి ఆ గొంతు బొంగురుపోయింది. అందుకని చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో అందరి గొంతుల కింద వినబడే మంద్రస్వరం ఆమెది. పాటలు నేర్పేదీ ఆమే.

రెండేళ్ల క్రితం గొంతులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని డాక్టర్లు చెప్పారు. తర్వాత మాట వస్తుంది కానీ పాట రాకపోవచ్చన్నారు. పెద్దమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ముందు క్వయర్ పాటలన్నీ రికార్డు కావాలి, అందులో తన గొంతూ ఉండాలి. వనస్థలిపురంలోని మా ఇంటికి ఒక్కొక్కరినే పిలిపించి, నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి విడివిడిగా పాడించింది. సగం గొంతులు కలిసేసరికి కంప్యూటర్ మొరాయించింది. పని చేస్తున్నంతసేపు అన్నీ పట్టి ఉంచే ర్యామ్ చాలలేదు.

కంపెనీ చెప్పిన వేగం కన్నా ఎక్కువగా కంప్యూటర్‌ను పరుగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. నాకు ఆ పిచ్చి బాగా ఉంది. నా జీతానికి కొత్త మెషిన్ అందదు కాబట్టి, లైట్లు వెలిగే వేగమైన ర్యామ్ స్టిక్కు ఒకటి కొని పాతదాని పక్కన పెడదామనుకున్నాను. తనూ వస్తానని పెద్దమ్మ బయల్దేరింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్లెక్కి ఓ కంప్యూటర్ల షాపుకు పోయాం.

"పెట్టె మూసినంక గీ లైట్లు ఎవలు చూస్తరు తమ్మీ?" అని షాపతన్ని అడిగింది.

"గేమ్స్ ఆడేటోళ్లు అద్దం డబ్బా పెట్టుకుంటరమ్మా."

"మాకు ఆడుడు లేదు, పాడుడే."

నేను ఊరుకోలేక, "ఇది మస్తు స్పీడు పెద్దమ్మా" అన్నాను.

"పాతదాని పక్కన పెట్టినా గంతనే ఉరుకుతదా?"

ఉరకదు. వేగం తేడా ఉన్న రెండింటిని కలిపితే, నెమ్మదిగా నడిచేదాని వేగానికే రెండోదీ దిగాలి. ఆ సంగతి నేను నసుగుతూ చెబితే పెద్దమ్మ పకపకా నవ్వింది. "అంటే మన క్వయర్ లెక్కనే! స్పీడు తర్వాత చూద్దాం బిడ్డా. ముందుగాల అందరి గొంతులు పట్టాలె."

ఆ లైట్ల స్టిక్కు ధరకే ఒకే రకం సాదా స్టిక్కులు రెండు వచ్చాయి. వాటిలో పట్టేది దానికి రెట్టింపు. నా ముఖం మాడిపోవడం చూసి, "నీ ఉరుకుడేందో వీటితోని చూపెట్టు" అంది.

చూపెట్టాను. పాతది తీసేసి ఈ రెండూ పెట్టాక, వేగం ఒక మెట్టు పెంచడం, ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్ నడపడం, ఆ తర్వాత ఉన్న గొంతులన్నిటితో పాటను మొదటి నుంచి చివరిదాకా వినడం. పెద్దమ్మ పక్కనే కుర్చీ వేసుకుని చిక్కుళ్లు వలుస్తూ వినేది. మూడో మెట్టు మీద పాట మధ్యలో తెర నీలంగా మారి మెషిన్ ఆగిపోయింది. వోల్టేజీ ఇంకాస్త పెంచి చూస్తానన్నాను.

"ఎందుకే పరేషాన్? కింది మెట్టు మీద మంచిగనే పాడింది గదా. ఆడనే ఉండనియ్యి."

ఉండనిచ్చాను. ఇంకెవరైనా చెబితే వినేదాన్ని కాదు.

అందరివీ అయ్యాక, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాళ్లను వింటూ చివరగా పెద్దమ్మ పాడింది. ఆ వారంలోనే ఆపరేషన్ అయింది. డాక్టర్లు అన్నట్టే పాట పోయి గుసగుస మిగిలింది. ఆ గుసగుసతోనే క్వయర్‌ను నడిపింది. మెల్లగా తిడితే ఎవరికీ కోపం రాదని కనిపెట్టి తెగ సంబరపడింది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు ఆ పాటల్లో ఒకటి తెరిచాను. మిగతా గొంతులన్నీ ఆపేసి ఆమెది ఒక్కటే పెట్టాను. పెద్దమ్మ ఒంటరిగా పాడగా నేనెప్పుడూ వినలేదు. బొంగురుగా, మూడు నాలుగు స్వరాల మధ్యే తిరుగుతోంది. అక్కడక్కడా ఊరికే ఆగిపోతోంది. ఆయాసమేమో అనుకున్నాను. ఒక్కొక్కరి గొంతూ తెరుస్తూ పోయాను. ఆమె ఆగిన ప్రతిచోటా, గట్టిగా పాడలేని వాళ్లెవరిదో ఒకరి సన్నటి గొంతు వినిపించింది.