నీళ్ళు బాగా వచ్చాయి

మండపేటలో మాది ఇనప సామాన్ల కొట్టు. మేకులూ గొళ్ళేలూ అమ్ముకునేవాడికి కెమెరా ఎందుకని అందరూ అడిగారు. నేనూ అడుగుతూనే ఉంటాను. ఆదివారం వస్తే మాత్రం దాన్ని మెడలో వేసుకుని ఏదో ఒక బస్సెక్కేస్తాను. కాలవ గట్లు, రేవులు, బ్యారేజీ మీద పొద్దుపొడుపు, తడిసిన బస్సు అద్దం, ఏదైనా సరే, అందులో నీళ్ళుంటే చాలు. నేను ఇన్నాళ్ళూ తీసింది ఒకటే ఫొటో అని మా ఆవిడ అభిప్రాయం.

మా అక్కని ఇచ్చిన ఊరు గోదావరి మధ్యలో ఓ లంక. ఒక వానాకాలం చివర బావగారు ఫోన్ చేసి, "కోత మొదలైందయ్యా" అన్నారు.

"శుభం బావగారూ. దిగుబడి బాగుందా?"

మా మండపేటలో కోత అంటే వరి కోత. లంకలో కోత అంటే గోదావరి ఒడ్డును కోసుకుపోవడం. కొబ్బరితోట అంచు అప్పటికే విరిగి నీళ్ళలో పడిందట.

"దిగుబడికేం లోటు? చెట్లన్నీ దిగబడుతున్నాయి" అన్నారు బావగారు.

ఒడ్డుకు రాళ్ళ కట్ట వేయిస్తే తోట పోయినా ఇల్లు నిలుస్తుందని వాళ్ళ ఆశ. అర్జీతో పాటు ఫొటోలు పెడితే మంచిదని ఎవరో చెప్పారట. "మన ఇంట్లోనే ఫొటోగ్రాఫరున్నాడు కదా" అందట అక్క. అంత నమ్మకం నా మీద ఎవరూ పెట్టలేదు, నాతో సహా.

రేవులో ఏరు దాటించే పంటు ఎక్కి అవతల దిగేసరికి ఎండ పలచబడింది. కోసిన ఒడ్డు గోడలా నిలబడి ఉంది. కొబ్బరి వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. ఒక చెట్టు నీళ్ళ మీదికి వాలి ఉంటే దాని వెనకాల పొద్దు దిగుతోంది. ఎటు తిరిగి తీసినా అందంగానే వస్తోంది.

బావగారు వెనక నుంచి కెమెరా తెరలోకి తొంగి చూసి, "కాస్త భయంగా తియ్యవయ్యా" అన్నారు.

"భయపడుతూనే తీస్తున్నాను బావగారూ. కాళ్ళ కింద మట్టి రాలుతోంది."

పెద్ద సైజులో ప్రింట్లు వేయించి ఇరిగేషన్ ఆఫీసుకు పట్టుకెళ్ళాం. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, ఫొటోలు ఒక్కొక్కటీ తీరిగ్గా చూశారు.

"ఎవరండీ తీసింది?"

"మా బావమరిదండి."

"నీళ్ళు బాగా వచ్చాయండీ!"

"ఆయ్, వచ్చాయండి. అందుకేనండి మేం వచ్చింది" అన్నారు బావగారు.

ఆఫీసరు నవ్వి, ఆ వాలిన చెట్టుది ఇంకో కాపీ ఉంటే ఇమ్మన్నారు. గోడకు పెట్టుకుంటారట. నా ఫొటోను అడిగి మరీ తీసుకున్న మొదటి మనిషి. సంతోషించాలో వద్దో తేలక వాళ్ళిచ్చిన టీ తాగాను. తర్వాత వాకబు చేస్తే రాళ్ళ కట్ట ఎస్టిమేటు పైకి వెళ్ళిందన్నారు. పైకి వెళ్ళిన మనుషుల్లాగే అదీ తిరిగి రాలేదు.

ఆ తర్వాత వరద తీసిన ప్రతిసారీ లంకకు వెళ్ళాను. ఫొటో అంచులు కత్తిరించడాన్ని క్రాప్ చేయడం అంటారు. నేను చేస్తే నచ్చనప్పుడు వెనక్కి తెచ్చుకోవచ్చు. గోదావరి చేసింది వెనక్కి రాదు. తోట పోయింది. తర్వాత వాకిట్లో నుయ్యి వంతు. చుట్టూ మట్టి కొట్టుకుపోయి, సిమెంటు వరలు మాత్రం ఒకదాని మీద ఒకటి స్తంభంలా ఏట్లో నిలబడి ఉన్నాయి. అక్క ఇన్నేళ్ళూ తోడుకున్న లోతంతా బయటపడి ఎత్తయింది. అదీ ఫొటో తీశాను. అదీ బాగా వచ్చింది.

మొన్నటి వరదకు ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. నీళ్ళు తీశాక చూస్తే, ఇంటి అరుగుకీ ఏటికీ మధ్య ఓ నులకమంచం పట్టేంత జాగా మిగిలింది. ఇక రాళ్ళు పడినా వాటిని వేయడానికి ఒడ్డు లేదు. అవతలి ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుని సామాను చేరవేశారు. తలుపులు ఊడదీసే ముందు అక్క నన్ను రమ్మంది.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ నీళ్ళు తీశావు. ఇవాళ ఇల్లు తీసిపెట్టరా."

మంచి చీర కట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. పక్కన బావగారు, తెల్ల చొక్కాలో.

"నవ్వాలా?" అన్నారు ఆయన.

"మీ ఇష్టం బావగారూ."

"ఇష్టమైతే వద్దులే."

అరుగుకు ఎదురుగా, ఒడ్డు చివర నిలబడి కెమెరాలో చూశాను. గుమ్మం వచ్చింది, వాళ్ళిద్దరూ వచ్చారు. కప్పు రాలేదు. ఒక కిటికీ సగంలో ఆగిపోయింది. వెడల్పుగా పట్టే లెన్సు నా దగ్గర లేదు.

"ఇల్లు మొత్తం వచ్చిందిరా?"

"రాలేదక్కా."

"అయితే కాస్త వెనక్కి జరుగు."

అలవాటు కొద్దీ మడమ వెనక్కి వేశాను. మట్టిపెళ్ళ ఒకటి విరిగి బుడుంగుమని నీళ్ళలో పడింది.

"వెనక్కి లేదక్కా" అన్నాను.

అక్క పమిట సర్దుకుంది. బావగారు ఎందుకో చొక్కా పై గుండీ పెట్టుకున్నారు.

"సరే, వచ్చినంతే తియ్యరా."

తీశాను.