మంచం దిగని కథానాయకుడు

ఆ రోజుల్లో నా అంత అభిరుచి గల మనిషి అనంతపురం జిల్లా మొత్తంలో మరొకడు లేడని నాకు గట్టి నమ్మకం. పద్దెనిమిదేళ్ళ వయసు, బి.ఏ. మొదటి సంవత్సరం, మూతి మీద నాలుగు వెంట్రుకలు, చంకలో ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం. డిటెక్టివ్ నవలలు చదివేవాణ్ణి చూస్తే జాలి, కన్నీటి నవలలు చదివేవాళ్ళని చూస్తే అసహ్యం, అసలేమీ చదవనివాళ్ళంటే మాత్రం కాస్త గౌరవం (వాళ్ళింకా చెడిపోలేదు కదా అని). అంత తిరస్కారాన్ని ఆ బక్క ఒంట్లో ఎక్కడ దాచుకునేవాణ్ణో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. అదంతా చదువు వల్ల వచ్చిందని అప్పుడనుకునేవాణ్ణి. చదివింది తక్కువ, చూసి చీదరించుకున్నది ఎక్కువ అని ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. ఇంటి వెనక కొట్టంలో మూడు మగ్గాలు. ఒకదాని మీద నాయన, ఒకదాని మీద చిన్నాయన, మూడోదాని మీద చిన్నాయన బావమరిది (ఈయన పుట్టాక మొత్తం మీద ఇరవై మాటలు మాట్లాడి ఉంటాడు, కాబట్టి ఈ కథలో ఆయన పాత్ర ఇంతే). మా వీధిలో ఒక ఆచారం ఉండేది. ఎండాకాలం సెలవులు రాగానే ప్రతి కొట్టంలోనూ చదువుకున్న పిల్లవాడొకడు మధ్యలో పీట వేసుకుని కూర్చుని నేసేవాళ్ళకు నవల చదివి వినిపించాలి. మగ్గాల చప్పుడును మించి గొంతు పెట్టాలి, దారం మోసే నాడె ఇటూ అటూ పోయే వేగాన్ని బట్టి ఆగుతూ చదవాలి. ప్రతిఫలం బొరుగులు, మజ్జిగ. మా కొట్టానికి ఐదో తరగతి నుంచీ నేనే చదువరిని. మధ్యాహ్నం పూట పట్టునూలుకు రంగులద్దే సాయిబు ఒకాయన కూడా వచ్చి గడప మీద కూర్చునేవాడు. ఆయన్ని మేమంతా రంగుల మామ అనేవాళ్ళం. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. కథలో ఎవరైనా చనిపోతే ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకుని ఇంటికి పచ్చటి మొహంతోనో, ఎర్రటి మొహంతోనో వెళ్ళేవాడు.

కొట్టంలో ఒక మూల రాట్నం దగ్గర కూర్చుని నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టేది మా చెల్లెలు. ఎనిమిదో తరగతి పాసై, ఆ పైన బడి మానేసి అప్పటికి ఏడాది. మానేసి అన్నాను గానీ మాన్పించింది నేను. ఆ ముందటి ఎండాకాలం, పాపను తొమ్మిదిలో చేర్పించాలా వద్దా అని నాయన నన్నడిగాడు. ఇంట్లో కాలేజీ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి నా మాట ఆయనకు కోర్టు తీర్పు. అంతకు ముందురోజే అది లెక్కల పుస్తకంలో పెట్టుకుని ఒక కన్నీటి నవల చదువుతుంటే చూశాను. "ఆ ఏడుపు నవలలు చదువుకునేదానికి ఎనిమిది చాల్లే నాయనా" అన్నాను. అంతే. ఆ మాట అని బొరుగులు తినడానికి వెళ్ళిపోయాను. నాయన మర్నాడే దాన్ని రాట్నం ముందు కూర్చోబెట్టాడు. అది ఏడవలేదు, నాతో పోట్లాడలేదు. ఆ సంగతిని నేను పూర్తిగా మరిచిపోయాను, అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇక ఆ ఏడాది సెలవులకి నవలలు ఎంచుకున్న ఘనకార్యం. మా కాలేజీ గ్రంథాలయంలో వేసవికి ఒక్కొక్కరికి మూడు పుస్తకాలిచ్చేవాళ్ళు, మళ్ళీ కాలేజీ తెరిచేదాకా మార్చుకునే వీలు లేదు. ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడే కొట్టంలో అందరూ తమకేం కావాలో చెప్పి పంపారు. నాయనకు రాజులూ గుర్రాలూ ఉండాలి. చిన్నాయనకు హత్య ఉండాలి, అదీ మొదటి పది పేజీల్లోనే జరగాలి. రంగుల మామకు కడుపారా ఏడిపించేది కావాలి. చెల్లెల్ని ఎవరూ అడగలేదు. నేను అన్నీ విని తలూపి, అనంతపురం చేరగానే వీళ్ళ అభిరుచిని ఈ ఎండాకాలంలో సంస్కరించి తీరాలని నిశ్చయించుకున్నాను. ఉత్తమ సాహిత్యాన్ని గుర్తుపట్టడానికి నాకో పద్ధతి ఉండేది. పుస్తకం వెనక తేదీల ముద్రలు కొట్టే చీటీ ఉంటుంది కదా, దాని మీద ఎన్ని ముద్రలుంటే ఆ పుస్తకం అంత చవకబారుది. ఒక్క ముద్రా లేకపోతే అది మహత్తరమైనదన్నమాట. అలా బీరువాలన్నీ గాలించి, దుమ్ము దులిపి, చీటీ తెల్లగా ఉన్నవి మూడు తీశాను. ఒకదాంట్లో ఒక మనిషి మంచం మీద పడుకుని జీవితం గురించి ఆలోచిస్తాడు. రెండోదాంట్లో మనుషులందరికీ మూడేసి పేర్లు, ఒక్కటీ నోరు తిరగదు. మూడోదాంట్లో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు. గుమాస్తా మూడింటినీ చూసి, నన్నోసారి చూసి, "సెలవులకేనా?" అనడిగాడు. అతడి అజ్ఞానానికి లోపల నవ్వుకున్నాను.

మంచం మనిషితో మొదలుపెట్టాను. మొదటిరోజు కొట్టమంతా మర్యాదగా విన్నది. రెండోరోజు కూడా వాడు పడుకునే ఉన్నాడు. మూడోరోజు పైకప్పు కేసి చూశాడు. నాలుగోరోజు చిన్నాయన నాడె ఆపి, "ఏమప్పా, ఆయప్ప ఇంగా మంచం దిగలేదా?" అన్నాడు. ఇది అంతరంగ మథనం అని నేను వివరించాను. రంగుల మామ మాత్రం నిజంగానే బాధపడి, ఏదైనా జబ్బేమో, ఇంట్లోవాళ్ళు ఎవరైనా డాక్టరుకు చూపించకూడదా అని అడిగాడు. ఐదోరోజుకి చిన్నాయనకు మాటిమాటికీ దాహం వేయడం మొదలైంది. నీళ్ళు తాగడానికి లేచి, గోడ పక్కన చెంబు పట్టుకుని అరగంట నిలబడేవాడు. పక్క కొట్టంలో దర్జీ కొడుకొకడు డిటెక్టివ్ నవల చదువుతున్నాడని, అది గోడ మీదుగా వినిపిస్తోందని తర్వాత తెలిసింది. ఆ దర్జీ కొడుకు పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆరోరోజు మధ్యాహ్నం మంచం మనిషి ఏడు పేజీలుగా ఒకే ఆలోచన చేస్తున్నాడు. బయట ఎండకు మట్టి మిద్దెలు పెనంలా కాలుతున్నాయి. నాయన కళ్ళు మూతలు పడుతున్నాయి. చిన్నాయన చెంబు వైపు చూశాడు. అప్పుడు, నా కళ్ళు పేజీ మీదుండగానే, నా నోరు తనంతట తాను, "అంతలో పక్క గదిలోంచి ప్రాణం పోతున్న మనిషి కేక ఒకటి వినిపించింది" అనేసింది. మూడు మగ్గాలూ ఒక్కసారి ఆగిపోయాయి. ఎనిమిదేళ్ళుగా చదువుతున్నాను, ఆ కొట్టంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చిన్నాయన మెల్లగా, "ఊ, చదువు" అన్నాడు.

ఇక చూడండి నా పతనం. రోజూ పేజీ తిప్పుతూ, వేలితో వరసలు చూపిస్తూ, లేని కథను ఉన్నట్టు చదివేవాణ్ణి. ఇంటి యజమానిని చంపించాను. రంగుల మామ కోసం ఆ యజమానికి ఒక అనాథ మేనకోడల్ని పెట్టాను, మొదటిరోజే మామ మొహం నీలంగా మారింది. నాయన కోసం ఒక గుర్రం కూడా తెచ్చాను (పాపం దానికి పని లేక గేటు దగ్గర కట్టేశాను). డాక్టరు మీద అనుమానం, వంటవాడి మీద అనుమానం, మేనల్లుడి మీద అనుమానం. నేను అసహ్యించుకునే నవలల్లో ఏమేం ఉంటాయో అవన్నీ నాకు అంత బాగా ఎలా తెలుసో మాత్రం నన్ను నేను ప్రశ్నించుకోలేదు. చిన్నాయనకు దాహం తీరిపోయింది. పక్క కొట్టంవాళ్ళకు మొదలైంది. నాకొచ్చిన చిక్కు ఒకటే. జూన్ వచ్చేసింది, హంతకుడెవడో నాకు తెలియదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం చెల్లెలు పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నేను నిద్రపోయే వేళల్లో తీసుకుని చదివిందట. హంతకుడెవరో తెలిసేదాకా ఆగలేక చివరిదాకా చదివేసిందట. (ఆ పుస్తకాన్ని పూర్తిగా చదివిన మనిషి భూమ్మీద అదొక్కతే అయి ఉండాలి.)

"అన్నా, మొత్తం చదివినా. దీంట్లో హత్య యాడుండాది?" అంది.

నేను బతిమాలాను. ఎవరితోనూ చెప్పొద్దన్నాను. చెప్పనంది. కానీ తను తొమ్మిదిలో చేరాలని, ఆ మాట నేనే నాయనతో చెప్పాలని అంది. పోయినేడు నేను అన్న మాట పక్క గదిలోంచి తను విన్నానని కూడా చెప్పింది. కోపంగా కాదు, మామూలుగా, కండె అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నేను తలొంచుకుని సరేనన్నాను. అప్పుడది నా పక్కన కూర్చుని, "చంపింది మంచం మీదాయనే కదా?" అంది. ఎట్లా అన్నాను. "ఆయప్ప మంచం కింద తడిసిన చెప్పులుండాయని నువ్వే చదివితివి. మంచం దిగనోనికి చెప్పులెందుకన్నా? మూడు నెల్లుగా వాన లేదని కూడా చదివితివి. తడిసినాయంటే కత్తి పారేసేదానికి నువ్వు చదివిన ఆ ఇంటెనకాల దిగుడు బాయిలో దిగినాడు. పండుకున్నోని మీద ఎవురికీ అనుమానం రాదు."

ఆ చెప్పుల సంగతి నేను వాక్యం నిండడానికి ఏదో అనేసి మరిచిపోయాను. ఎనిమిదో తరగతితో చాలన్న పిల్ల, నా పిచ్చివాగుడులోంచి కథకు తలా తోకా తీసి నా చేతిలో పెట్టింది.

మూడు రోజుల తర్వాత ఆ ముగింపు చదివాను. పక్క కొట్టంవాళ్ళు కూడా వచ్చి గోడవారన నిలబడ్డారు, దర్జీ కొడుకుతో సహా. తడి చెప్పుల దగ్గరికి వచ్చేసరికి చిన్నాయన తొడ చరుచుకున్నాడు. ఎంచుకుంటే ఇట్లాంటి పుస్తకం ఎంచుకోవాలప్పా అని అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను వినయంగా నవ్వాను కూడా. ఆ మెప్పు వేడి చల్లారకముందే, ఇదే మంచి సమయమని, పాపను బడిలో చేర్పిద్దాం నాయనా అన్నాను. హైస్కూల్లో పేర్లు రాసుకోవడం ఆ రోజుతో ఆఖరు.

నాయన నేత ఆపకుండానే అన్నాడు. "నువ్వే కదప్పా చెప్తివి, ఆ నవలలకు ఎనిమిది చాలని. నీ మాదిరి ఇట్లాంటి పుస్తకాన్ని గుర్తుపట్టే తెలివి ఉంటే చదివిద్దును. అందరికీ ఉంటాదా అది?"

మూలన రాట్నం ఆగింది. చెల్లెలు నా వైపు చూడలేదు, చేతిలో దారం వైపే చూస్తోంది. ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. వచ్చే ఏడు చూద్దాం అనొచ్చు. గోడ దగ్గర దర్జీ కొడుకు నన్ను భక్తిగా చూస్తున్నాడు. అంత భక్తిగా నన్ను ఎవరూ అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆ చూపును వదులుకోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెబితే మీరు నన్ను మరీ చులకన చేస్తారు. చివరికి, "నాయనా, ఈ పుస్తకంలో హత్య లేదు. అంతా నేను కల్పించి చదివినా. చంపిందెవరో నాకే తెలీదు. పాపే కనుక్కునింది" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. నాయన పుస్తకాన్ని పాపకిమ్మన్నాడు. అది లేచి నిలబడి, ఒక్క తప్పు లేకుండా చివరి పేజీ చదివింది. మంచం మనిషి పడుకునే ఉన్నాడు. చిన్నాయన నోరు తెరుచుకుని, అంటే నెలన్నరగా వీడు మనకు చదివింది అబద్ధమా అన్నాడు. రంగుల మామ గడ్డం గోక్కుని, "చంపినోడు వీడు, పట్టిచ్చింది పాప" అని తేల్చాడు. నవ్వులు మొదలయ్యాయి. దర్జీ కొడుకు నవ్వు అందరికన్నా ఎక్కువసేపు వినిపించింది.

నాయన నవ్వలేదు. మగ్గం మీద సగం చీర ఉండగా మిట్టమధ్యాహ్నం ఆయన మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలోంచి లేవడం నేను అంతకు ముందు చూడలేదు. లేచి కాళ్ళు కడుక్కున్నాడు, చొక్కా వేసుకున్నాడు, "పాపా, చెప్పులేసుకో" అన్నాడు. గడప దాటుతూ నా వైపు తిరిగి, కండెలు చుట్టమన్నాడు.

కాలేజీ తెరిచేదాకా మిగిలిన రోజులన్నీ ఆ రాట్నం దగ్గర నేనే కూర్చున్నాను. నేను చుట్టిన కండెలు నాడెలో సగం దూరం పోయి చిక్కుపడేవి, చిన్నాయన వాటిని ఒక్కొక్కటే తీసి నా ముందు పడేసేవాడు. చెల్లెలు పుస్తకాల సంచీతో వీధిలోకి వెళ్ళేటప్పుడు నేను తలెత్తేవాణ్ణి కాదు. అది చదువుకుంది, పంతులమ్మ అయింది, ఇప్పుడు నాకు ఉత్తరం రాస్తే చివర తను ఏడ్చిన నవల పేరు తప్పకుండా రాస్తుంది. పట్టునూలు చిక్కు తీస్తూ చెమటలు కారుస్తూ కూర్చున్న ఆ అభిరుచి గల కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. కానీ వాడు ఆ మధ్యాహ్నం ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదని ఆలోచన వచ్చినప్పుడల్లా, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.