కుప్పయ్య కంట్లో పురుగు

పుత్తూరు పక్క పల్లెలో ఎవరి కాలికి నారికురుపు లేచినా గంగులమ్మకు పండగే. దిగుడుబావి నీళ్లు తాగినవాళ్ల కాళ్లలోంచి దారంలాంటి పురుగు తల బయటపెట్టగానే దాన్ని పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకు కాస్త లాగేది. కురుపు మనిషి ఏడుస్తున్నా తాను మాత్రం కేరింతలు కొట్టేది.

"వచ్చె, వచ్చె! సూడప్పా, ఎంత పొడుగుండాదో!"

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ రోజుల్లో ఆమె చేతికీ నోటికీ చుట్టుపక్కల సాటి లేదు.

మొగుడు కుప్పయ్య నెమ్మదస్తుడు. పొలాల్లో జెర్రిపోతు పాములను పట్టి, తోళ్లు ఒలిచి మద్రాసు వ్యాపారులకు అమ్మేవాడు. ఒక ఎండాకాలం అతని కుడికన్ను ఎర్రబడి మంట పుట్టింది. గంగులమ్మ అప్పుడే ఒలిచిన జెర్రిపోతు పచ్చిమాంసం ముక్క తెచ్చి కంటికి కట్టింది. అది చలవ చేస్తుందని పల్లెలో అందరి నమ్మకం. ఎరుపు తగ్గింది కూడా. ఆ సంగతి ఇంటింటికీ తిరిగి చెప్పుకుని మురిసింది.

వానలు పడేనాటికి పైరెప్పలో చింతగింజంత గడ్డ లేచింది. మొదట ముక్కు దగ్గర ఉన్నది కొన్నాళ్లకు కణత వైపు జరిగింది. రెప్ప వాచి కన్ను మూసుకుపోసాగింది. చంపిన పాములు పగబట్టాయి, కాళహస్తిలో పూజ చేయించమని ఊరంతా చెప్పింది. గంగులమ్మకు ఉత్సాహం ఆగలేదు.

"పగా లేదు, పాడూ లేదు! కదల్తా ఉండాది గదా, నారిపురుగే! నేను తీస్తాను!"

తడిగుడ్డ వేసింది, ఆముదం రాసింది, బతిమాలింది, తిట్టింది. పురుగు తల బయట పెట్టలేదు. ఒకరోజు కుప్పయ్య ఆ కంటివైపు గుమ్మం కానక తల బద్దలు కొట్టుకున్నాడు. అప్పుడు గంగులమ్మ ఆముదం గిన్నె పక్కన పడేసింది. మొగుడి చెయ్యి పట్టుకుని, సిపాయిలతో కిక్కిరిసిన రైల్లోకి తోసుకుంటూ ఎక్కి, తిరుపతిలో డాక్టరు జయరావు ముందు కూర్చోబెట్టింది.

డాక్టరు మత్తుమందు వేసి రెప్ప కోసి మెల్లగా లాగాడు. తెల్లగా, ముడతలు పడిన రిబ్బనులాంటి పురుగు పళ్లెంలో పడి మెలికలు తిరిగింది. గంగులమ్మ గంతేసింది.

"వచ్చె, వచ్చె! ఇది నారి కాదు సామీ! నారి గుండ్రంగా ఉంటాది!"

"కాదమ్మా. ఇది పాము మాంసంలో ఉండే పురుగు. పచ్చిమాంసం కంటికి కడితే లోపలికి పాకుతుంది. ఎవరు కట్టారు?"

గంగులమ్మ మొగుడి వైపు తిరిగింది.

"నేనే కట్టుకున్నాను సామీ" అన్నాడు కుప్పయ్య.

పెళ్లయిన నాటినుంచి అతని నోట అబద్ధం వినలేదామె. తన కోసం ఆడాడు. దుఃఖం తన్నుకొచ్చింది.

"ఆయన కాదు సామీ! నేనే! నేనే కట్టినాను!" అని ఆసుపత్రంతా వినపడేలా అరిచింది.

"ఆ గొంతుతోనే మీ ఊళ్లో చెప్పు" అన్నాడు డాక్టరు.

కట్టు విప్పిన రోజు కుప్పయ్య ఆమెను తేరిపార చూసి, "నువ్వే, బాగా అగపడతా ఉండావు" అన్నాడు. ఇంక ఆమెను పట్టేవాళ్లెవరు? మొగుణ్ణి వెంటేసుకుని పుత్తూరు సంత నడుమ నిలబడింది.

"కంటికి పాము పచ్చిమాంసం కట్టొద్దండీ! నా మొగుని కంట్లోకి పురుగును నేనే ఎక్కిచ్చినాను!"

పక్కనే తమలపాకులమ్మే అక్కమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. "ఊరుకోవే! ఇట్లా సెప్పుకుంటే నీ పేరేం కావాల?"

"పేరు పోతే పోనీలే అక్కా! కన్నుండాది గదా!"